ప్రభుత్వ గుర్తింపు పొందిన దిష్టి

ఉప్పుగాలికి ఇనుప గేట్లు కూడా చిల్లులు పడే విశాఖపట్నంలో, మే నెల ఎండలో, మెడ నుంచి మడమ దాకా నల్లబట్టలు వేసుకుని తిరగాలంటే మనిషికి ఏదో గట్టి కారణం ఉండాలి. మైలపల్లి నూకరత్నానికి ఉంది. అవి తనకు నచ్చాయి. ఈ కారణాన్ని ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. ప్రేమలో దెబ్బ తిందన్నారు, మతం మారిందన్నారు, గాలి సోకిందన్నారు. నచ్చి వేసుకుందని మాత్రం ఎవరూ అనలేదు. మన దగ్గర నచ్చడం అనేది కారణాల లెక్కలోకి రాదు మరి.

రత్నం గోత్. అదేం జబ్బని కంగారు పడకండి. ఎక్కడో చలిదేశంలో, ఎప్పుడో, కొందరు కుర్రాళ్ళు పనీపాటా లేక దిగులుపడి, ఆ దిగులుకు బేస్ గిటారు తగిలించి పాడారు. దాన్ని పోస్ట్ పంక్ అన్నారు. అందులోంచే కళ్ళనిండా కాటుక, ముఖాన తెల్ల పౌడరు, ఒంటినిండా నలుపు వేసుకునే గోత్‌లు పుట్టారు. ఆ గాలి ఇంటర్నెట్టు మీదుగా ఫిషింగ్ హార్బరు దాకా వచ్చి, ఓ పదిమందికి సోకింది. హార్బరు వెనక పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఉంది. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ళు అక్కడ చేరి, దిగులుగా పాడుకుని, గాల్లో సాలెగూళ్ళు దులుపుతున్నట్టు చేతులాడిస్తూ నెమ్మదిగా ఊగి, చాలా సంతోషంగా ఇళ్ళకు పోయేవాళ్ళు.

విదేశాల వాళ్ళు కాళ్ళకు వేసుకునే వలమేజోళ్ళు మనకు దొరకవు. రత్నం తాత పడవలోని చిరిగిన చేపలవల కత్తిరించి కుట్టుకుంది. మగపిల్లల నల్లచొక్కాలు చాలామటుకు అయ్యప్ప దీక్షలో మిగిలినవి. అందుకని ఆటోవాళ్ళు వాళ్ళను భక్తిగా "స్వామీ, ఎక్కడికి?" అని అడిగేవాళ్ళు. బేస్ గిటారు వాయించే బెంజమిన్‌కి సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం. వారమంతా కస్టమర్లను చూసి నవ్వడం అతని పని, శనివారం నవ్వకపోవడం అతని విశ్రాంతి.

రత్నం పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. వారమంతా ఎవరివో పెళ్ళిళ్ళు తీసి, శనివారం తమవాళ్ళను తీసేది. ఏ చొక్కా ఎవరి అన్నయ్యది, ఏ గొలుసు ఏ స్కూటర్ది, ఏ కోటు ఏ చర్చి నాటకంలో సాతాను వేసుకున్నది, అన్నీ ఫోటోల కింద రాసి పెట్టేది. మేమిలా ఉన్నామని ఎవరో ఒకరు చెప్పుకోవాలి కదా అని ఆమె బాధ.

ఇలా ఉండగా పట్టణ సుందరీకరణ సంస్థ షెడ్డు తలుపుకి నోటీసు అంటించింది. షెడ్డు పడగొట్టి అక్కడ కార్లు నిలిపే పెద్ద భవనం, పైన సెల్ఫీ పాయింటు కడతారట. నోటీసు అడుగున సన్నక్షరాల్లో ఒక్క మినహాయింపు ఉంది. ప్రభుత్వం నమోదు చేసిన సంస్కృతి తాలూకు సాధనాస్థలాలను ముట్టుకోరు.

"అయితే మనం నమోదు అయిపోదాం" అన్నాడు బెంజమిన్. ఇంతకంటే తెలివితక్కువ మాట అతను జన్మలో అనలేదు.

అమూర్త సంస్కృతుల నమోదు మండలికి అప్పుడు గడ్డురోజులు. రాష్ట్రంలో ఉన్న ఆటలూ పాటలూ అన్నీ ఒకసారి నమోదైపోయాయి, కొన్ని పొరపాటున రెండుసార్లు అయ్యాయి. ఈ ఏడాది కొత్త సంస్కృతి ఏదీ దొరక్కపోతే మండలిని కోళ్ళ అభివృద్ధి శాఖలో కలిపేస్తామని పైనుంచి కబురు వచ్చింది. మండలి డైరెక్టరు పరాంకుశం గారికి కోళ్ళంటే భయం. అలాంటి సమయంలో నల్లబట్టలవాళ్ళు గుంపుగా ఆఫీసులోకి రాగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ ఆఫీసులో ప్రజల కోసం ఒక అధికారి లేచి నిలబడటం అదే మొదలు.

"సదరు కళారూపానికి అధిదేవత ఎవరు?"

"ఎవరూ లేరండి" అంది రత్నం.

"వాద్యం?"

"బేస్ గిటారండి. డ్రమ్ములు మెషీనే వాయిస్తుంది."

"ఇతివృత్తం?"

"బాధండి" అన్నాడు బెంజమిన్.

"ఏ బాధ?"

"ఊరికే బాధండి."

పక్కన కూర్చున్న గుమస్తా త్రినాథ్ అది 'నిర్హేతుక విషాదం' అని రాసుకున్నాడు. పరాంకుశం గారు ఆ మాటను నోట్లో ఓ తిప్పు తిప్పి, బాగుందన్నట్టు తలాడించారు.

"అంతా సంతృప్తికరంగానే ఉన్నది. కాని మూడు తరాల నియమం ఒకటి ఏడ్చింది. ఏ సంస్కృతి అయినా కుటుంబంలో మూడు తరాలుగా అవిచ్ఛిన్నంగా కొనసాగుతూ ఉండవలెను. నిన్న పుట్టినదాన్ని సంస్కృతి అనరు, అలవాటు అంటారు. కావున మీ నాయనమ్మగారిని ప్రవేశపెట్టండి."

నాయనమ్మ పేరు పోలమ్మ. నలభై ఏళ్ళు చేపలగంప మోసిన మనిషి. మనవరాలిని 'కాకి' అని తప్ప పేరు పెట్టి పిలిచి చాలాకాలమైంది.

"నల్లకోక నాను కట్టను" అంది పోలమ్మ. "ఆ సెడ్డు కూల్సేత్తే మంచిదే. సెనివారం పూట ఇంటిపట్టున ఉంతావు."

"అదొక్కటే చోటు మామ్మా నాకు. వారమంతా కెమెరా పట్టుకుని నవ్వండి, నవ్వండి అని ఊళ్ళోవాళ్ళందర్నీ నవ్విస్తాను. నేను నవ్వకపోతే ఏమైందే అంటారు, ఇంకా పెళ్ళి కాలేదనా అంటారు. అక్కడికి పోతే నన్నెవరూ ఏమీ అడగరు. అది పోతే నాకు ఊపిరాడదు." చెబుతూ చెబుతూ రత్నం నిజంగానే ఏడ్చేసింది.

మనవరాలు ఏడవడం పోలమ్మ దాని చిన్నప్పుడెప్పుడో చూసింది, మళ్ళీ ఇదే.

"ఊరుకోయే. కాటిక కారిపోతంది" అంది. "నల్లకోక ఏడుందో తే."

శనివారం పరాంకుశం గారు, త్రినాథ్, ఒక వీడియో తీసేవాడు షెడ్డుకి తనిఖీకి వచ్చారు. బెంజమిన్ గిటారు మోగించాడు. పిల్లలు ఊగారు. పోలమ్మ నల్లకోక కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో రాయిలా కూర్చుంది. పెదాలకు నల్లరంగు మాత్రం చస్తే వేసుకోనంది. అంతా ఎందుకో అతకడం లేదు. పరాంకుశం గారి కళ్ళముందు కోళ్ళు తిరగసాగాయి.

ఇంతమంది పరాయి మగాళ్ళు కెమెరా పెట్టి మనవరాలిని గుచ్చి గుచ్చి చూస్తున్నారని పోలమ్మకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి, కాటుక డబ్బాలో వేలు ముంచి, రత్నం చెంప మీద ఒక చుక్క పెట్టి వచ్చి కూర్చుంది.

"ఆపండి" అన్నారు పరాంకుశం గారు. పాట ఆగింది. "అమ్మా, ఏమిటా చుక్క?"

"దిట్టి సుక్క బాబూ. ఇంతమంది సూత్తన్నారు గదా గుంటని."

"ఈ ఆచారం మీకెప్పటి నుంచి ఉంది?"

"ఎప్పట్నించేటి? మాయమ్మ నాకెట్టింది. నాను నా కొడుక్కెట్టినాను. నీకు మీయమ్మ ఎట్టనేదేటి?"

పరాంకుశం గారు గుమస్తా వైపు తిరిగారు. "త్రినాథ్, రాసుకోండి. మొదటి తరంలో చెంప మీద నల్లచుక్క. రెండో తరంలో, అనగా ఈ అమ్మాయి తల్లిగారి వద్ద, మెడలో నల్లపూసలు, కాలికి నల్లతాడు. మూడో తరంలో ఆపాదమస్తకం నలుపు. చుక్క విస్తరించింది. మూడు తరాలలో ఒక దిష్టిచుక్క నిలువెత్తు మనిషి అయినది."

"కాదు సార్" అంది రత్నం. "దిష్టికీ దీనికీ ఏం సంబంధం లేదు. ఇవి మేం మా కోసం వేసుకున్న బట్టలు. మాకు నచ్చి..."

బెంజమిన్ ఆమె కాలు తొక్కాడు. "షెడ్డు" అన్నాడు నెమ్మదిగా.

'చుక్క విస్తరణ సిద్ధాంతం' పుస్తకమై వచ్చింది. అందులో రత్నం తీసిన ఫోటోలే వేశారు, కింద ఆమె రాసిన మాటలు మాత్రం తీసేశారు. తాత చేపలవల కింద 'దృష్టిదోషాలను గాలించి పట్టు వలతొడుగు' అని ఉంది. స్కూటరు గొలుసు 'నరఘోషను బంధించు శృంఖల' అయింది. చర్చి నాటకంలో సాతాను కోటు దగ్గర పండితులకు ఏమీ తోచక 'ప్రాచీనం' అని ఊరుకున్నారు. అది చూసిన రోజు రత్నం అన్నం తినలేదు.

నమోదు సభకు ముహూర్తం దగ్గర పెద్ద చర్చ జరిగింది. నలుపు సంస్కృతిని శుభముహూర్తంలో ప్రారంభిస్తే దాని ప్రామాణికత దెబ్బతింటుందని ఒక సభ్యుడు, రాహుకాలంలో ప్రారంభిస్తే తమ ప్రమోషన్లు దెబ్బతింటాయని మరో సభ్యుడు వాదించారు. చివరకు రాహుకాలంలో మొదలుపెట్టి, శుభఘడియలు వచ్చేదాకా ప్రసంగాలు సాగదీసి, అప్పుడు దీపం వెలిగించారు. గోత్‌లందరికీ పసుపుపచ్చ శాలువలు కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. బెంజమిన్‌కి అలవాటుకొద్దీ నవ్వు వచ్చింది. ప్రామాణికతకు భంగమని త్రినాథ్ వచ్చి నవ్వు ఆపించాడు.

తర్వాత నియమావళి రాయడానికి పరాంకుశం గారు పోలమ్మను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు.

"దిష్టిని ఎప్పుడు పెడతారు, ఎప్పుడు తీస్తారు?"

"ఇల్లు కడతన్నప్పుడు బొమ్మ ఎడతారు బాబూ. పని పూర్తయ్యేదాకా తియ్యకూడదు. తీత్తే తీసినోడికే తగులుతాది."

పరాంకుశం గారు దాన్ని పదమూడో నిబంధనగా చేయించారు: 'నిర్మాణము సంపూర్ణము కానంతవరకు దిష్టిని స్థానభ్రంశము చేయరాదు. చేసినయెడల తత్ఫలితములకు సంతకము చేసిన అధికారి వ్యక్తిగతముగా, సకుటుంబముగా బాధ్యుడు.' సకుటుంబంగా అన్నది ఆయన సొంత కల్పన. రాసుకుని ఎంతో మురిసిపోయారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. షెడ్డు జోలికి ఎవరూ రాలేదు. కానీ ప్రభుత్వానికి ఒక వస్తువు దొరికాక ఊరికే పడి ఉండనిస్తుందా? ఎక్కడో ఒక వంతెన పగుళ్ళిచ్చింది. ఇంజినీర్ల తప్పు కాదు, నరదృష్టి అని నివేదిక వచ్చింది. రాష్ట్రం దగ్గర గుర్తింపు పొందిన దిష్టి ఉండగా వంతెనలు పగలడం ఏమిటని పైవాళ్ళు అడిగారు. మర్నాడే ఉత్తర్వులు వెలువడ్డాయి. బెంజమిన్ అనకాపల్లి వంతెన దగ్గర, గుంపులో దంతవైద్యం చదివే అమ్మాయి కొత్త ఆసుపత్రి దగ్గర, రత్నం ఊళ్ళోనే కడుతున్న బస్టాండు దగ్గర, మిగతావాళ్ళు జిల్లాకొకరు చొప్పున నిర్మాణాల ముందు నిలబడాలి. ఎండలో కాటుక కరిగితే సొంత ఖర్చుతో మళ్ళీ పెట్టుకోవాలి. నవ్వరాదు. శనివారాలు దిష్టి ఎక్కువ కనుక ఆ రోజు సెలవు లేదు. సభల్లో, ధర్నాల్లో దిష్టిబొమ్మలు తగలబెట్టే అలవాటు ఉంది కాబట్టి, 'సదరు దహన కార్యక్రమాలకు వీరు వర్తించరు' అని ప్రతిపక్షాలకు ఒక విజ్ఞప్తి కూడా పంపారు.

రత్నం మండలి ఆఫీసుకి పరిగెత్తింది.

"మేం మనుషులం సార్. ఉద్యోగాలున్నాయి, ఇళ్ళున్నాయి."

"పొరపడుతున్నావమ్మా" అన్నారు పరాంకుశం గారు ఆప్యాయంగా. "మీరిప్పుడు మనుషులు కారు, వారసత్వం."

"అయితే మాకొద్దు ఈ గుర్తింపు. తీసేయండి."

"నమోదు చేయుటకు మాత్రమే మాకు అధికారం ఉంది. తొలగించుటకు లేదు. ఒకవేళ మీరు హాజరు కాకపోతే, వారసత్వ సంపదను ధ్వంసం చేసిన నేరం కింద మీకు మీరే బాధ్యులవుతారు."

శనివారాలు గడిచాయి. షెడ్డులో పాట లేదు. గిటారు తీగలు ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. అప్పుడు సుందరీకరణ సంస్థ మళ్ళీ నిద్ర లేచింది. సాధకులెవరూ వాడటం లేదు కనుక అది సాధనాస్థలం కాదని తేల్చింది. కార్ల భవనానికి శంకుస్థాపన పెట్టుకుంది. అంత పెద్ద కట్టడానికి దిష్టి తగలకుండా ఒక దిష్టిని పంపమని మండలికి రాసింది. దగ్గర్లో ఉండే దిష్టి ఎవరా అని మండలి వెతికింది. రత్నానికి ఉత్తర్వు వచ్చింది: 'సదరు స్థలమందలి నిర్మాణమునకు దిష్టిగా నియమించడమైనది.'

తన షెడ్డును పడగొట్టి కట్టే దానికి తనే కాపలా. రత్నం ఆ కాగితం నాయనమ్మకు చదివి వినిపించి, ఇక ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు చేరబడింది.

పోలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "మళ్ళీ సదువు."

రత్నం చదివింది.

"ఆ తలంలో ఇప్పుడున్న కట్టడం ఏటే?"

"షెడ్డే."

"ఆ సెడ్డు మీద ఏటుంది?"

ఏముంది? విశాఖలో ఏ డాబా మీద చూసినా ఉండేదే ఉంది. పైన ఇంకో అంతస్తు వేద్దామని ఐసు ఫ్యాక్టరీ యజమాని స్తంభాలకు వదిలిన ఇనపచువ్వలు, వెనకవైపు సగంలో ఆపేసిన ఇటుకగోడ. ఆయనా పోయాడు, అంతస్తూ పోయింది, చువ్వలు మాత్రం ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాయి.

రత్నం నాయనమ్మ వంక చూసింది. పోలమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

శంకుస్థాపన రోజు షామియానా వేశారు, బ్యాండు పెట్టారు, జేసీబీ బొట్టు పెట్టుకుని సిద్ధంగా ఉంది. సంస్థ ఇంజినీరు గారు ముహూర్తం దాటిపోతోందని హడావుడి పడుతున్నారు. అంతలో ఎవరో పైకి చూపించారు. షెడ్డు కప్పు మీద, ఇనపచువ్వల మధ్య, పూర్తి అలంకారంతో రత్నం నిలబడి ఉంది. గాలికి వల రెపరెపలాడుతోంది. ఎప్పుడూ లేనంత భయంకరంగా, ఎప్పుడూ లేనంత ముచ్చటగా ఉంది పిల్ల.

"దింపండి ఆమెను" అన్నారు ఇంజినీరు.

"అదెలగ బాబూ" అంది పోలమ్మ, షామియానాలో ముందువరస కుర్చీలోంచి. "గుంట దిట్టిగా నిలబడింది. కాయితంలో ఏ తలమని రాసినారో ఆడే ఉంది. ఆ కట్టడం ఇంకా పూర్తవనేదు. సువ్వలు కనపడతన్నాయి గదా. పూర్తవకుండా దిట్టిని దింపితే దింపినోడికే తగులుతాది. నానన్న మాట కాదు, గవర్నమెంటోరి పొస్తకంలో ఉంది."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి, దిగి, తాళం తీసి ఇంజినీరు చేతిలో పెట్టాడు. "నావల్ల కాదు సార్. నాకు చిన్నపిల్లలున్నారు."

"మూఢనమ్మకం" అని ఇంజినీరు ఆ తాళం చటుక్కున పక్కవాడి చేతిలో పెట్టేశారు. ఆ పక్కవాడు ఇంకొకడి చేతిలో పెట్టాడు. అలా తాళం షామియానా అంతా తిరిగి, చివరికి మండలి తరఫున దిష్టిని అప్పగించడానికి త్రినాథ్‌తో వచ్చిన పరాంకుశం గారి ఒళ్ళో పడింది.

"మీరొక్క సంతకం పెట్టండి, దింపేస్తాం" అన్నారు ఇంజినీరు.

పరాంకుశం గారు కలం తీశారు. త్రినాథ్ నియమావళి తెరిచి పదమూడో నిబంధన వినయంగా ముందు పెట్టాడు. 'సకుటుంబముగా' అన్న మాట దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. ఆయనకు పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉంది, పరీక్షలు రాస్తున్న కొడుకు ఉన్నాడు. పైకి చూశారు. రత్నం రెప్ప వేయకుండా ఆయన వంకే చూస్తోంది. ఆయన కలానికి మూత పెట్టేశారు.

"ఈ అంశం లోతైన పరిశీలన అవసరమైనదిగా భావించడమైనది" అన్నారు. ఆ వాక్యం వెలువడిందంటే ఆ పని ఆ తరంలో జరగదని అక్కడున్న అధికారులందరికీ తెలుసు. ముఖ్య అతిథి కారు వెనక్కి తిరిగింది. బ్యాండువాళ్ళు డబ్బులెవరిస్తారని అడిగారు.

షెడ్డు ఇప్పుడు రికార్డుల్లో 'నిర్మాణంలో ఉన్న భవనం'. ఇంత మొండి కట్టడానికి ఒక్క దిష్టి చాలదని మండలి తీర్మానించి, జిల్లాలకు పంపినవాళ్ళందరినీ వెనక్కి రప్పించి ఇక్కడే వేసింది. హాజరు శనివారం సాయంత్రం. బెంజమిన్ తీగలు మార్చాడు. మళ్ళీ దిగులుపాటలు మొదలయ్యాయి, మళ్ళీ అందరూ సంతోషంగా ఉన్నారు. రత్నం ఫోటోల కింద మాటలు మొదటినుంచీ మళ్ళీ రాసుకుంటోంది. సాతాను కోటును సాతాను కోటనే రాసింది.

సుందరీకరణ సంస్థ మాత్రం ఊరుకుంటుందా? కట్టడం పూర్తయితే దిష్టి తీయవచ్చు కదా అని ఎవరో తెలివైనవాడికి తట్టింది. అప్పట్నుంచి వారంవారం ఒక మేస్త్రీని పంపి, వెనక సగంగోడను సంస్థ ఖర్చుతో కట్టిస్తోంది. పాపం, మేస్త్రీ శ్రద్ధగా కడతాడు. కానీ ఆ గోడ ఏనాటికీ పెరగదు. ఎందుకో అతనికి అంతుపట్టదు.

మొన్న శనివారం పోలమ్మ పాటలు ముగిసేదాకా కుర్చీలో కూర్చుని, లేచి, వెనకవైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఒంటి మీద నల్లకోక. పెదాలకు కూడా కాస్త నలుపు. మేస్త్రీ సామాను సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"మామ్మా, తనికీలన్నీ అయిపోనాయి గదా. ఇంకా ఆ నల్లకోకేటి?"

పోలమ్మ ఆగింది. కొంచెం వెనగ్గా నడుస్తున్న రత్నం కూడా ఆగింది.

"నచ్చింది" అంది పోలమ్మ. "కట్టుకున్నాను."

గంపలోంచి, గోడ సిమెంటు తడి ఇంకా ఆరని ఇటుక ఒకటి బయటికి తొంగి చూస్తోంది. రత్నం గబగబా వచ్చి దాని మీద నాయనమ్మ కొంగు కప్పింది.